నాలుగుకు ఆరైతే పదికి ఎన్ని?

మాచర్ల దగ్గరి రాతి క్వారీలో ఫోన్ల పని చూసే జక్కయ్య ఆ పొద్దున చద్దన్నం తింటూనే రోజంతటికీ పథకం వేసేశాడు. మధ్యాహ్నానికల్లా తీగలు లాగేయడం, నాలుగింటికి యజమాని చెన్నకేశవరావు రాగానే ఫోను చేతికివ్వడం. సాగరు డ్యాముకు రాయి తోలే ఆ క్వారీలో నాలుగు పని చోట్లు ఆ ఏడే పది అయ్యాయి. ఫోన్లు కుదరకపోతే గుంటూరు నుంచి వేరే మనిషిని తెస్తానని యజమాని ముందే చెప్పాడు.

జక్కయ్యకు బెంగ లేదు. పాత నాలుగు చోట్లలో ఒక్కోదాని నుంచి మిగతా మూడింటికీ నేరుగా తీగ లాగింది ఆయనే. తన లైన్లలో మధ్యన కలిపే మనిషే ఉండడని గురజాల సంతలో కూడా చెప్పుకున్నాడు.

"నాలుగుకి ఆరు తీగలు. పదికి పదైదు. ఇంకో తొమ్మిది లాగితే సరిపోయిద్ది," అన్నాడు భార్య ప్రేమమ్మతో. మిషనరీల బడిలో నేర్చిన త్రైరాశికం ఆయన్ని ఎన్నడూ మోసం చేయలేదు.

ఐదో చోటు నాలుగు తీగలు మింగింది. ఆరోది ఐదు. తెచ్చిన తొమ్మిదీ అయిపోయాయి, ఇంకా నాలుగు చోట్లు మిగిలే ఉన్నాయి. తీగకో ఫోను చొప్పున ఆఫీసు గుమాస్తా రామయ్య బల్ల మీద ఐదు ఫోన్లు చేరాయి. లారీ షెడ్డనుకుని కమ్మరి కొట్టం ఫోనెత్తి "ఉన్నయ్యన్నీ పంపు" అన్నాడు. లారీలకు బదులు గుమ్మంలో నలభై సమ్మెటలు దిగాయి. బయట తీగల బరువుకు స్తంభం ఒరిగింది.

"ఏంది జక్కన్నా ఇది?" అన్నాడు రామయ్య.

జక్కయ్య కంకర రాళ్ళు పేర్చి లెక్కేశాడు. పదికి నలభై ఐదు తీగలు, ఒక్కో బల్ల మీద తొమ్మిది ఫోన్లు. మళ్ళీ పేర్చినా రాళ్ళు తగ్గలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

క్వారీ మెస్సు నడిపేది ప్రేమమ్మే. కారియర్లు సర్దుతూ ఆ రాళ్ళ వంక చూసింది.

"షెడ్డోళ్ళు కమ్మరోళ్ళకి పచ్చడి పంపాలంటే నా కాడికి పంపుతారు, నేను అటు పంపుతా. దానికి మళ్ళా వేరే బాట ఎందుకయ్యా?"

జక్కయ్య లేచి పదిహేను తీగలూ ఊడబీకాడు. చోటుకొకటి చొప్పున పది తీగలు మెస్సుకు లాగి, ఎవరి తీగను ఎవరికైనా కలిపేలా ఒక చెక్క మీద బోర్డు కట్టాడు. మిగిలిన ఐదింటి మీద ప్రేమమ్మ బట్టలు ఆరేసింది.

నాలుగింటికి యజమాని పది చోట్లతోనూ మాట్లాడాడు. "బోర్డు దగ్గర ఎవరు కూర్చుంటారయ్యా?"

"మా ఇంటిదేనండి. పది చోట్ల గొంతులూ దానికి ఎరికే. ఈ ఉపాయం కూడా దానిదే," అన్నాడు జక్కయ్య ఛాతీ విరుచుకుని. తన సొంత లైన్లను చూసుకుని కూడా ఆయన అంత గర్వపడలేదు.

ఆయన ఉద్యోగం నిలిచింది, ఆమెకు కొత్తది దొరికింది. ఇంట్లో పోట్లాట అయిన పూట మాత్రం జక్కయ్యకు ఏ లైనూ ఖాళీ ఉండేది కాదు.