ఇంగువ వాసన పిల్లి

నా పేరు సుదర్శన్. అంటే చక్కగా చూసేవాడని అర్థమట. కళ్ళద్దాలు తీస్తే ఎదురుగా ఉన్నది మా ఆవిడో, బియ్యం మూటో చెప్పలేను. ఈ మాట ఆవిడ దగ్గర అనకండి.

గుత్తిలో మాది కిరాణా అంగడి. మా అత్తగారు రత్నమ్మ కొత్తచెరువులో ఒక్కతే ఉంటుంది. ఆమెకు చూపు పూర్తిగా పోయి చాలా ఏళ్ళయింది. మా కల్పన వారం వారం తల్లి దగ్గరికి పోతుంది. అప్పుడు నేను చేసుకున్న ఉప్మా నేనే తినాలి. అందుకని అత్తగారిని మా ఇంటికే తెచ్చేద్దామన్నాను.

"అమ్మ రాదు," అంది కల్పన.

"చెప్పకుండా పోయి చాటుగా చూస్తా. ఒక్కసారి తడబడినా కారెక్కించుకుని వస్తా."

"తడబడకపోతే?"

"ఇంక ఆ మాటే ఎత్తను."

"మీరే యాడన్నా తట్టుకుని పడతారేమో, చూసుకోండి."

తెల్లవారుజామునే బయల్దేరి కొత్తచెరువు చేరాను. చెప్పులు వీధిలోనే విడిచి మునివేళ్ళ మీద లోపలికి పోయాను. రెండో అడుగుకే ఇత్తడి బిందెను తన్నాను.

"ఎవరది?" అంది అత్త.

పరువు గల మనిషెవడైనా తన పేరు చెప్పుకుంటాడు. నేను "మ్యావ్" అన్నాను.

"పిల్లినా," అని ఆమె పళ్ళెంలో పాలు పోసి, సరిగ్గా నా ముందు పెట్టింది. నేను గోడకు అతుక్కుని కూర్చున్నాను.

ఆమె తీరిగ్గా వాకిట్లో ముగ్గేసింది. ఒక గీత తూర్పుకు పోతే ఇంకోటి పెనుకొండ దారి పట్టింది. వీధిలో ఎవరో "వంకర పోయిందవ్వా" అన్నారు. "అది చూసేవాళ్ళ బాధ, నాకేమి," అని పకపకా నవ్వింది.

తర్వాత పొయ్యి వెలిగించింది. ఆవాలు చిటపటమనడం విని కరివేపాకు వేసింది. రేడియోవాడు వాన పడుతుందని చెబితే, "నువ్వు చెప్పినావంటే పడదులే," అని వాడితో పోట్లాడింది. పాట వస్తే గొంతు కలిపింది.

నేను తప్పులు పట్టడానికి వచ్చినవాడిని. ఆ సంగతి ఎప్పుడు మరిచిపోయానో, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. రెండు కళ్ళు, రెండు అద్దాలు పెట్టుకుని నేను ఒక్క పొద్దైనా ఇంత సంతోషంగా గడిపానా అనిపించింది.

ఆమె రాగి సంగటిలో చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, నంజుకుంటూ, "పిల్లులు ఊరిబిండి తినవు గదా, పాపం," అంది. నా కడుపు గుర్రుమంది. పిల్లే అనుకుంటుందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను. ఇక ఆగలేక వంగి పాలపళ్ళేనికి మూతి పెట్టాను.

అప్పుడే పక్కింటి రామక్క లోపలికి వచ్చింది.

"ఏమ్మే రత్నమ్మా, మీ అల్లుడు నేలమీద వంగి పాలు తాగతాండాడే?"

"తాగనీలేమ్మా. పొద్దన్నుంచి పస్తుండాడు."

నేను లేచాను. లేవడంలో మళ్ళీ బిందెను తన్నాను.

"అత్తా, నీకెప్పుడు తెలిసింది?"

"వాకిట్లో కాలు పెట్టినప్పుడే. ఇంగువ కట్టిన గుడ్డ దాస్తే దాగుతాదా నాయనా? అంగడంతా నీ చొక్కాలోనే ఉండాది. మ్యావంటివి. సరే, పిల్లినే అనుకుంటి."

నాకూ సంగటి పెట్టింది. తింటూ అడిగాను, "మా ఇంటికి రాకూడదా అత్తా?"

"వస్తే ఆడ అందరూ నా చెయ్యి పట్టుకుంటారు. ఈడ నా చెయ్యి నాకే ఉండాది. దాన్ని ఇడ్సిపెట్టు నాయనా."

ఆ చేతికి దండం పెట్టాను. ఆమెకు కనబడదని తెలుసు, అయినా పెట్టాను.

"చాల్లే, సంగటి చల్లారతాది," అంది.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాను.

"ఏం చూసినారు ఆడ?" అని కల్పన అడిగింది.

"నేను చూసిందేముంది. ఆమే నన్ను చూసింది."

కాఫీ అడిగాను. అత్తగారి ఫోను నాకంటే ముందే ఇల్లు చేరినట్టుంది. కల్పన గ్లాసు పక్కన పెట్టి, కాఫీ పళ్ళెంలో పోసి, నేలమీద పెట్టింది.