కాపురానికి ఇరవై ఎనిమిది రోజుల గడువు

పెళ్ళి నిలబడటానికి ప్రేమ కావాలంటారు. ఓర్పు కావాలంటారు, సర్దుబాటు కావాలంటారు. అన్నీ ఉత్తమాటలు. పెళ్ళి నిలబడాలంటే కావలసింది ఒక ప్రభుత్వ కార్యాలయం, అందులో ఎవరినీ నమ్మని ఒక అధికారి!

నవ్వకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను. ఈ ఆస్ట్రేలియాలో పై దేశపు మనిషిని పెళ్ళాడి, ఆ మొగుణ్ణో పెళ్ళాన్నో ఇక్కడే శాశ్వతంగా ఉంచుకోవాలనుకునేవాళ్ళు తమది నిజమైన కాపురమేనని కాగితాలతో రుజువు చెయ్యాలి. దీన్ని వేధింపు అని గొణిగేవాళ్ళున్నారు. కృతజ్ఞత లేని జనం! ఇక్కడే పుట్టి ఇక్కడివాళ్ళనే చేసుకున్న దంపతులను మీ కాపురం ఎలా సాగుతోందని ఏ ప్రభుత్వమైనా ఒక్కసారి అడిగిందా? వాళ్ళ గతి ఏం కావాలి?

కావాలంటే మా టాస్మేనియాలో, సిగ్నెట్ ఊళ్ళో స్కూలు బస్సు నడిపే మెరిన్ సంగతి వినండి.

మెరిన్ మొదట వేన్ అనే ఈ ఊరివాణ్ణే చేసుకుంది. అప్పుడు ఏ అధికారీ ఏ రుజువూ అడగలేదు. ఫలితం? తొమ్మిదేళ్ళకు వేన్ కారు వెనక కారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని క్వీన్స్‌లాండ్‌కు వెళ్ళిపోయాడు. కారవాన్‌లో ఇంకొకావిడ కూడా ఉందని ఊరికి నెల తరవాత తెలిసింది. సమయానికి ఒక ఫారం పంపి ఉంటే ఆ సంగతి మూడో పేజీలోనే బయటపడేది కదా!

ఆ తరవాత చాలాకాలం మెరిన్ ఒంటరిగానే ఉంది. నలభై ఆరో ఏట, జూలై సెలవుల్లో, తిమింగలాలను చూద్దామని పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులకు వెళ్ళింది. పడవ ఎక్కిన పావుగంటకే కడుపులో తిప్పడం మొదలైంది. పడవలో అందరూ ఎడమవైపు తిమింగలాలను చూస్తుంటే ఆమె కుడివైపుకు వంగి వాంతులు చేసుకుంది. పడవ నడిపే మనాసే ఇంజన్ ఆపి, ఒక నిమ్మచెక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. అవి రేపు కూడా వస్తాయని, తొందరేమీ లేదని చెప్పాడు. మెరిన్ మర్నాడు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. తిమింగలాలను ఎప్పుడు చూసిందో ఆమెకే గుర్తులేదు.

మూడు సెలవులు అలా గడిచాక మనాసే ఊరి చర్చిలో, మూడు వందలమంది ముందు పెళ్ళి జరిగింది. తరవాత అతను సిగ్నెట్ వచ్చాడు. చెక్క పడవలు కట్టే షెడ్డులో పని దొరికింది. ఇద్దరూ కలిసి పెళ్ళి సర్టిఫికెట్ జతచేసి, ఏడు ఫొటోలు పెట్టి, అతన్ని ఇక్కడ స్థిరంగా ఉండనివ్వమని దరఖాస్తు పంపి, ఆ సంగతి మరచిపోయి హాయిగా కాపురం చేసుకోసాగారు.

అదీ వాళ్ళు చేసిన తప్పు. కాపురం చేసుకునేవాడికి రుజువులు పోగేసే తీరిక ఎక్కడుంటుంది?

పద్నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. మీ బంధం నిజమైనదని నమ్మడానికి ఆధారాలు చాలవు, ఇరవై ఎనిమిది రోజుల్లో మరిన్ని పంపండి, లేకపోతే ఉన్నవాటితోనే నిర్ణయం చేస్తాం అని. నిర్ణయం అంటే ఏమిటో మెరిన్‌కు అర్థమైంది. బస్సు దిగకుండానే ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది.

అధికారి మాటల్లో న్యాయముంది మరి. ఏడు ఫొటోల్లో నాలుగింట మనాసే ఒక్కడే ఉన్నాడు, ఎందుకంటే తీసింది మెరిన్. రెండింట తిమింగలం ఒక్కటే ఉంది. మిగిలిన పెళ్ళి ఫొటోలో ఇద్దరికీ మధ్య ఒక పెద్ద కాల్చిన పంది ఉంది. పెళ్ళికి ముందు పంపుకున్న మెసేజులు చూపిద్దామంటే మెరిన్ ఫోన్ మార్చినప్పుడు ఆమెవి పోయాయి. మనాసే ఫోన్ సముద్రంలో ఉంది. పెళ్ళయ్యాక మెసేజులే లేవు, ఒకే ఇంట్లో ఉంటున్నారు కనక. హోటల్ బిల్లులు లేవు, మనాసే ఇంట్లోనే చేప వండుతాడు కనక. ఇంత అనుమానాస్పదమైన దాంపత్యం ఎక్కడైనా ఉంటుందా?

మెరిన్ చెల్లెలు లినెట్ రంగంలోకి దిగింది. లినెట్ ఒక దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది, ఫైళ్ళంటే ఆమెకు ప్రాణం. రంగురంగుల చీటీలు అంటించిన ఒక లావుపాటి ఫైలు తెచ్చి బల్లమీద పెట్టి, రేపట్నుంచి మీరిద్దరూ భార్యాభర్తల్లా ఉండాలి అని చెప్పింది. ఇప్పుడెలా ఉన్నాం అని మనాసే అడిగాడు. లినెట్ ఫైల్లో మొదటి చీటీ తిప్పింది.

మొదట మెసేజులు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని మెరిన్ "టీ కావాలా, బంగారం?" అని ఫోన్లో కొట్టేది. మనాసే తలెత్తి "కావాలి" అనేవాడు.

"నోటితో కాదు. ఫోన్లో చెప్పు."

అతను రెండు చూపుడువేళ్ళతో అక్షరాలు వెతుక్కుని జవాబు కొట్టేసరికి టీ చల్లారేది.

తరవాత ఫొటోలు. ఒక ఆదివారం లినెట్ మెరిన్ బస్సు నిండా చొక్కాలు, కోట్లు, టోపీలు ఎక్కించి, ఇద్దరికీ మార్చి మార్చి తొడిగిస్తూ, పొద్దుటి నుంచి మధ్యాహ్నం లోపల నాలుగు ఋతువులు ముగించింది. మెరిన్ బాగానే నవ్వింది. మనాసే మాత్రం ఫొటో అనగానే చేతులు కిందికి నిటారుగా పెట్టి, సంతాపసభలో నిలబడ్డట్టు నిలబడేవాడు. అతని ఊళ్ళో ఫొటోకి అలాగే నిలబడతారు, అది మర్యాద. అది అధికారికి ఎలా తెలుస్తుంది?

ఆ తరవాత రాతపని. ఒకరికొకరు ఎలా తోడుగా ఉంటున్నారో ఎవరికి వారు సొంతమాటల్లో రాయాలి. మెరిన్ అయిదు పేజీలు రాసింది. మనాసే గంటసేపు కూర్చుని ఒకే వాక్యం రాశాడు: "ఆమె నా భార్య."

ఇంకా రాయమంది మెరిన్.

"ఏం రాయను? చర్చిలో అందరి ముందూ చెప్పాను. మా పాస్టరు విన్నాడు, మా అమ్మ విన్నది, నువ్వు విన్నావు. ఇప్పుడు ఎవరో తెలియనివాడికి ఇంకోసారి చెప్పమంటే నాకేదో అబద్ధమాడుతున్నట్టుంది."

అతని గొంతులో కోపం లేదు. అందుకే మెరిన్‌కు భయం వేసింది. గడువులో పదహారు రోజులే మిగిలాయి.

సాక్షులు కూడా కావాలి. ఈ ఇద్దరి కాపురం నిజమని వీళ్ళను ఎరిగినవాళ్ళు రాసి సంతకం పెట్టాలి. లినెట్ మొగుడు గ్రేమ్‌కు ఒక ఫారం ఇచ్చారు. గ్రేమ్ మాటలు తక్కువ మనిషి, రెండు పంక్తులు రాస్తే గొప్ప అనుకున్నారు. అతను వెనకవైపు కూడా నింపి ఇచ్చాడు. మెరిన్ బస్సు ఆలస్యమైతే మనాసే గేటు దగ్గరికి వచ్చి నిలబడతాడని రాశాడు. ఆమె డబ్బాలో అతను చేపముక్కలు ముళ్ళు తీసి పెడతాడని, ఆమె పాట తప్పుగా పాడితే అతను కూడా అలాగే తప్పుగా అందుకుంటాడని రాశాడు.

లినెట్ అది రెండుసార్లు చదివి మొగుడి వైపు తిరిగింది.

"ఇవన్నీ ఎప్పుడు చూశావ్?"

"వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా. నువ్వు మాట్లాడుతుంటావుగా, నేను చూస్తుంటాను."

"నా కోసం నువ్వెందుకు గేటు దగ్గర నిలబడవ్?"

గ్రేమ్ కాసేపు నిజంగానే ఆలోచించాడు. "నువ్వెప్పుడూ లేటుగా రావు కదా," అన్నాడు.

ఆ వారం నుంచి ప్రతి బుధవారం లినెట్ పని అయిపోయాక కారులోనే పావుగంట ఊరికే కూర్చుని, కావాలనే ఆలస్యంగా ఇంటికి వెళ్ళసాగింది. చూశారా? ఒక్క దరఖాస్తుతో రెండు కాపురాలు బాగుపడుతున్నాయి! ఏ దేశంలో ఏ ప్రభుత్వం చేస్తోంది ఇంత సేవ?

గడువుకు పది రోజులుండగా రేవు దగ్గర గొడవ జరిగింది. మనాసే గాలానికి మంచి చేప పడింది. అతను దాన్ని పైకి లాగి ఆనందంతో మెరిన్ వైపు తిరిగాడు. ఆమె ఫోన్ తియ్యడం ఆలస్యమైంది. మళ్ళీ నీళ్ళలోకి దించి ఇంకోసారి లాగమంది, ఈసారి తనవైపు చూసి నవ్వుతూ. అతను దించాడు. చేప తప్పించుకుని పోయింది.

మనాసే గాలం చుట్టి పక్కన పెట్టాడు. "ఇందాక నేను నవ్వాను మెరిన్. నువ్వు చూడలేదు," అని, ఆరు కిలోమీటర్లు నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఆ తరవాత నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. కానీ మెసేజులు ఆపితే ఫైల్లో ఖాళీ కనబడుతుందని లినెట్ గట్టిగా చెప్పింది. అందుకని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే "బంగారం, పాలు అయిపోయాయి" అని ఆమె, "తెస్తాను ప్రియా" అని అతను పంపుకున్నారు. చివర ఎర్ర గుండె బొమ్మలు కూడా పెట్టుకున్నారు. తరవాత ఫైలు తిరగేసి చూస్తే వాళ్ళ దాంపత్యంలో అంత అన్యోన్యంగా గడిచిన వారం మరొకటి లేదు.

అయిదో రోజు, మంగళవారం పొద్దున, బట్టలుతికే గదిలో కుళాయి కారడం మొదలుపెట్టింది. వాషర్ మార్చాలని మెరిన్, కుళాయే మార్చాలని మనాసే. అక్కడ మొదలైంది. కుళాయిలోంచి చేప వచ్చింది, చేపలోంచి ఫైలు వచ్చింది, ఫైల్లోంచి వేన్ కూడా వచ్చాడు. ఆ రోజు మెరిన్ అరిచిన అరుపు బస్సులో అల్లరి పిల్లలు కూడా ఎన్నడూ వినలేదు. కానీ చివరికి ఆమె అన్నది ఒకటే.

"నిన్ను పంపించేస్తారని నాకు భయంగా ఉంది. ఒక మనిషి పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ వెర్రి వేషాలన్నీ."

మనాసే తడిచేతులతోనే ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. పంపిస్తే మళ్ళీ వస్తానన్నాడు. మళ్ళీ పంపిస్తే మళ్ళీ వస్తానన్నాడు. తన దగ్గర పడవ ఉందని గుర్తుచేశాడు.

ఆ గది కిటికీ పక్కింటి ఎస్మీ పెరట్లోకి ఉంటుంది. ఎస్మీకి ఎనభై దాటాయి. ఆమె తన మొగుడితో యాభై రెండేళ్ళు కాపురం చేసి అతన్ని సాగనంపిన మనిషి. మర్నాడు ఆవిడ తలుపు తట్టి, తను కూడా సాక్ష్యం రాశానని, గ్రేమ్ దగ్గర ఖాళీ ఫారం తీసుకున్నానని చెప్పి, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"మంగళవారం పదకొండు గంటలకు వీరిద్దరూ కుళాయి గురించి నలభై నిమిషాలు పోట్లాడుకున్నారు. ఆమె అతన్ని మొండి గాడిద అన్నది. అతను స్పానర్ అందుకోమన్నాడు. ఆమె తిడుతూనే అందించింది. నాటకమాడేవాళ్ళు మర్యాదగా ఉంటారు. వీళ్ళు మొగుడూ పెళ్ళాలు."

మెరిన్‌కు సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఇది పంపితే కొంప మునుగుతుంది ఎస్మీ, అంది.

"పంపితే మునగదమ్మాయ్. నీ అయిదు పేజీలూ గ్రేమ్ చూపించాడు, చదివాను. వాటితో మునుగుతుంది."

మనాసే నవ్వడం మొదలుపెట్టాడు. నేలమీద కూర్చుండిపోయేదాకా నవ్వాడు. మెరిన్ ఫోన్ కోసం వెతకలేదు. ఫైల్లో అన్నిటికన్నా పైన ఎస్మీ కాగితమే పెట్టి పంపారు.

అయిదు నెలలకు తాత్కాలిక అనుమతి వచ్చింది. ఆ తరవాత రెండేళ్ళకు, మీరింకా మొగుడూ పెళ్ళాలేనా అని మళ్ళీ అడిగారు. మళ్ళీ రుజువులు పంపారు, మళ్ళీ ఎదురుచూశారు. మొత్తం నాలుగేళ్ళ మూడు నెలలు. ఆ నాలుగేళ్ళలో వాళ్ళు ఏ పక్క ఎవరు పడుకుంటారో, అంట్లు ఎవరు తోముతారో, ఒకరినొకరు ఎలా ఓదార్చుకుంటారో అంతా ఆ కార్యాలయానికి తెలిసిపోయింది. ఇంత శ్రద్ధగా మన సంసారాన్ని పట్టించుకునే బంధువు ఎవరికైనా ఉన్నారా? ఒక్కసారి ఇంటికొచ్చి టీ తాగి వాళ్ళ మొహాలు చూసి ఉంటే అరగంటలో తేలిపోయేదని కొందరంటారు. అలాంటి తొందరపాటు ప్రభుత్వాలకు పనికిరాదు.

చివరికి శాశ్వత అనుమతి వచ్చింది, రెండు పంక్తుల్లో. మీ బంధం నిజమైనదని మేము సంతృప్తి చెందాము అని ఉంది. మెరిన్ వంటింటి గడపలో నిలబడి ఏడ్చింది. మనాసే చేతులు తుడుచుకుని వచ్చి కంప్యూటర్ తెర మీద ఆ రెండు పంక్తులూ నిదానంగా చదివి, చూపుడువేలు తన పేరు మీద పెట్టాడు. చివరి అక్షరం ఒక్కటి మారి, మనాసే కాస్తా మనాసి అయింది.

అంత తిరగేసిన అధికారికి అతని పేరు మాత్రం చదవడానికి వీలు కాలేదు!

మెరిన్ వెంటనే దిద్దించడానికి కూర్చుంది. పేరు మార్పుకు వేరే దరఖాస్తు ఉంది. దాన్ని పరిశీలించడానికి పదకొండు నెలలు పట్టవచ్చునని, దరఖాస్తుదారు తాను తానేనని తగిన ఆధారాలు జతపరచాలని అందులో ఉంది. ఆమె ఒక్కో పంక్తీ పైకి చదువుతుంటే మనాసే ఓపిగ్గా విన్నాడు. తరవాత మెల్లగా కంప్యూటర్ మూత దించాడు.

"ఎందుకొచ్చిన గొడవ మెరిన్? నువ్వు ఆ మనాసితోనే కాపురం చెయ్యి. వాడి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి."