డేరా కింద ఛార్జింగ్ పెట్టె

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మా బితానియాకు ఆయాసం వచ్చి, మందును ఆవిరి చేసి పీల్పించే నెబ్యులైజర్ యంత్రం పెట్టిన సమయంలో కరెంటు పోవడం. పాపకు ఇంకా రెండో ఏడు నిండలేదు. అడిస్ అబాబాలో వానలు దిగాయంటే దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ సంగతి ముందే చెప్పేశాను. మిగతాదంతా మా వీధి సాధించిన ప్రగతి గురించే కాబట్టి మీరు నిశ్చింతగా చదువుకోవచ్చు.

మా ఆయన పేరు ఎండాలె. ఈ మధ్య కారు కొన్నాడు. మా దేశంలోకి ఇప్పుడు పెట్రోలు కార్లను రానివ్వరు గనుక అది కరెంటు కారే. చైనా నుంచి వచ్చింది, చైనా భాషలోనే మాట్లాడుతుంది. తలుపు తీయగానే ఏదో ఒక మాట అంటుంది. అది హెచ్చరికో, పలకరింపో ఈ ఆవరణలో ఎవరికీ తెలియదు. పక్క గదిలో ఉండే ఆస్కాలె అవ్వ మాత్రం, ఇంత మెత్తగా మాట్లాడేది దీవెనే అయివుంటుందని, రోజూ పొద్దున దానికి "ఆమెన్" చెప్పేది. కారుకు జవాబు చెప్పిన మనిషి మా వీధి మొత్తానికి ఆమె ఒక్కతే.

డిక్కీలో ఒక తీగ కూడా వచ్చింది. దాన్ని మామూలు ప్లగ్గులో పెడితే తెల్లారేసరికి ఆఫీసుకు పోయి రావడానికి సరిపడా నిండుతుంది. అదే చాలు కదా అన్నాను. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషిని, నాకు ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

"ఫోనుకు పెట్టినట్టు కారుకు పెడతామా, ఫిక్ర్తె?" అన్నాడు మా ఆయన. "చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

ఆ తీగను డిక్కీలోనే ఉంచి, గోడకు తగిలించే పెట్టె కోసం బోలె వైపు దుకాణానికి వెళ్లాం. అక్కడ చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు రకాలు ఉన్నాయి. దుకాణదారు చాలా బాధ్యత గల మనిషి. మీ ఇంటికి వచ్చే లైను ఎంత మోస్తుందని అడిగి మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. మీ గేటు ఏ రంగు అని మాత్రం అడిగాడు. పెద్ద పెట్టె చుట్టూ నీలం దీపం వెలుగుతుందట. అది వీధి చివరికి కనిపిస్తుందా అని మా ఆయన అడిగాడు. వీధి చివరికేమిటి, పై వీధికి కూడా కనిపిస్తుందన్నాడు దుకాణదారు. సాంకేతిక పరిశీలన అంతటితో పూర్తయింది. కారు తన గొంతు పట్టినంతే మింగుతుందనీ, గోడ మీద ఏనుగంత పెట్టె పెట్టినా అది మింగే ముద్ద పెరగదనీ ఒక కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితాన్ని పెట్టె గీసుకోకుండా చుట్టడానికి వాడారు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. పెట్టె తగిలించాల్సిన గోడ మా సొంతం కాదు, ఇద్దిర్ వారి గదిది. ఇద్దిర్ అంటే మా వీధి చావుల సంఘం. ఎవరైనా పోతే వేసే డేరా, బెంచీలు, పెద్ద గిన్నెలు ఆ గదిలో ఉంటాయి. అయిదు ఇళ్లకు కరెంటు ఇచ్చే మీటరు, మెయిన్ స్విచ్ కూడా ఆ గదిలోనే. తాళంచెవి అధ్యక్షులు గెజాహెన్ గారి కోటు జేబులో ఉంటుంది. కనుక ఛార్జింగ్ పెట్టె ఎంపిక న్యాయంగా చావుల సంఘం చేతికే వెళ్లింది.

సమావేశం రోజు వాన పడింది. సభ్యులు తడవకూడదని గెజాహెన్ గారు డేరా తీయించి మా గుమ్మం ముందే వేయించారు. ఆ తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పు పట్టలేం. వీధిలో డేరా కనిపిస్తే మావాళ్లు పోయినదెవరని అడగరు, నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటారు. ముందు కూరగాయలమ్మే ఆవిడ వచ్చింది. తర్వాత మినీబస్సు దిగినవాళ్లు వచ్చారు, ఆ తర్వాత ఎవరో ఉడకబెట్టిన గోధుమలూ శనగలూ పెద్ద గిన్నెలో పట్టుకొచ్చారు. తలమీద తెల్ల శాలువా కప్పుకున్న ఒక ముసలాయన మా ఆయన భుజం పట్టుకుని, దేవుడు నీకు ఓర్పునిచ్చుగాక అన్నాడు. మా ఆయన పెద్దదైన త్రీ ఫేజ్ పెట్టె కేటలాగు చేతిలో పట్టుకుని వందనం చేశాడు.

నేను పాపను వీపుకు కట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఒకామె నా చెంపలు నిమిరి ఏడవడం మొదలుపెట్టింది. ఆమె ఎందుకు ఏడుస్తోందో తెలిసి కూడా నా చెయ్యి వెనక్కి పోయి పాప ఊపిరి చూసుకుంది.

"అమ్మా, ఎవరూ పోలేదు, ఇది ఛార్జింగ్ మీటింగు" అని ఆస్కాలె అవ్వ ఆమెకు చెప్పింది. "ఎలాగూ వచ్చావు, కూర్చుని ఆ గోధుమలు తిని పో. ఏడ్చినది ఊరికే పోదులే, ఎవరికో ఒకరికి జమ అవుతుంది."

ఆస్కాలె అవ్వ గురించి చెప్పాలి. కరెంటు పెనం మీద ఇంజెరాలు, అంటే పులిసిన పిండితో పెద్ద పెద్ద అట్లు, పోసి అమ్ముకుని బతికే మనిషి. మా అయిదు ఇళ్ల పళ్లేల్లోకి వచ్చే ఇంజెరా ఆమె చేతిదే. పెనం వేడెక్కితే మా ఆవరణలో దీపాలు కొంచెం వంగి దండం పెట్టేవి.

కాఫీ మొదటి వాయి తిరిగేసరికి అందరూ చిన్న పెట్టెను తోసేశారు, రెండో వాయికి మధ్యదానికీ అదే గతి పట్టింది. నేను లేచి ఒక్క మాట అడిగాను: కారూ, అవ్వ పెనమూ, పాప యంత్రమూ మూడూ కలిసి పెడితే ఈ లైను నిలుస్తుందా?

గెజాహెన్ గారు నిలబడి కోటు గుండీలు పెట్టుకున్నారు.

"అమ్మాయ్ ఫిక్ర్తె, నీ ప్రశ్న తల్లి ప్రశ్న. తల్లి ప్రశ్నను ఈ సంఘం గౌరవిస్తుంది, జవాబు మాత్రం చెప్పదు. ఎందుకంటావా? ఈ సంఘం ముప్పై ఏళ్లుగా ఒక్కరిని కూడా బయట వదిలేయకుండా పూడ్చింది. ఇంతమందిని మోసిన సంఘానికి ఒక్క పెట్టె బరువా? పై వీధి ఇద్దిర్ వాళ్లు మధ్య పెట్టె పెట్టుకున్నారు. మన డేరా వాళ్ల డేరా కంటే పెద్దది. డేరా పెద్దదైనప్పుడు పెట్టె చిన్నదైతే, రేపు నేను వాళ్ల ఇళ్లలో చావుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

ఈ తర్కానికి ఎదురు లేదు. మూడో వాయి కాఫీతో దీవెన పలికి పెద్ద పెట్టెను ఖాయం చేశారు. పెనం విషయం కూడా సంఘం మరిచిపోలేదు. బుధ, శుక్రవారాలు మనకు ఉపవాసం గనుక ఆ రెండు రోజులు కారు కూడా ఉపవాసం ఉండాలని, అప్పుడు అవ్వ తనివితీరా పోసుకోవచ్చని తీర్మానించారు. ప్రమాదాలు జరక్కుండా మెయిన్ స్విచ్ గదికి రెండో తాళం వేయించారు.

పెట్టె వచ్చింది. నీలం దీపం వెలిగింది. మా లైనుకు ఉన్నది ఒక్క ఫేజే కాబట్టి ఆ మహా పెట్టె మధ్య పెట్టె పని మాత్రమే చేస్తుందని బిగించడానికి వచ్చినవాళ్లు అన్నారు. దీపం మాత్రం మూడు ఫేజులకూ వెలుగుతుంది కదా అని మా ఆయన సరిపెట్టుకున్నాడు.

మొదటి బుధవారమే కారు ఉపవాసం తప్పింది. గెజాహెన్ గారికి ఊరవతల ఒక చావు ఉంది. ప్రయాణంలో ఉన్నవాళ్లకూ, నీరసించినవాళ్లకూ ఉపవాసం నుంచి మినహాయింపు ఉందనీ, కారు ఆ రెండూ అనీ ఆయన వివరించారు. ఆ తర్వాత కారు ఏ రోజూ ఉపవాసం ఉండలేదు. సంఘం సేవలో చావు నుంచి చావుకు తిరిగి వచ్చి, గోడ దగ్గర నిలబడి తాగేది.

ఒక మధ్యాహ్నం జోరున వాన. మా ఆయనా గెజాహెన్ గారూ కారును పెట్టెకు తగిలించి, దగ్గరే ఉన్న ఇంకో చావుకు నడిచి వెళ్లారు. అవ్వ పెనం వేడిగా ఉంది. బితానియాకు ఆయాసం పెరిగింది, డొక్కలు లోపలికి పోతున్నాయి. యంత్రం పెట్టాను. ఆవిరి వచ్చింది, పాప రెండు సార్లు పీల్చింది, మెయిన్ స్విచ్ ట్రిప్ అయింది.

ఆవరణలో చీకటి లేదు, పగలే. చప్పుడు ఆగిపోయింది, అంతే. నేను పాపను ఎత్తుకుని ఆ గది దగ్గరకు పరుగెత్తాను. రెండు తాళాలూ చాలా మంచి కంపెనీవి. గెజాహెన్ గారికి ఫోను చేశాను. అంత్యక్రియల్లో ఆయన ఫోను ఆపేస్తారు, అది ఆయన సంస్కారం.

ఆస్కాలె అవ్వ గుమ్మం దాటి వచ్చింది. నన్ను చూసింది, పాప పెదాలు చూసింది. లోపలికి వెళ్లి పెనం తీగ పీకేసి, కాఫీ దంచే ఇనుప రోకలి పట్టుకొచ్చింది.

"పక్కకు జరుగు తల్లీ. చచ్చినవాళ్ల గిన్నెలకు ఇంత కాపలా ఎందుకో నాకు మొదటి నుంచీ అర్థం కాదు."

మొదటి తాళం రెండు దెబ్బలకు, రెండోది నాలుగింటికి ఊడాయి. స్విచ్ పైకి లేపింది. యంత్రం మళ్లీ గుర్రుమంది. అవ్వ గుమ్మంలో కూర్చుని, పాప రంగు తేరేదాకా దాని పాదం పట్టుకుని ఉంది.

సంఘం ఈ సంఘటనను తీవ్రంగా పరిగణించింది. మళ్లీ డేరా వేశారు, మళ్లీ ఎవరెవరో వచ్చి ఏడ్చి గోధుమలు తిన్నారు. గెజాహెన్ గారు చాలా బాధతో మాట్లాడారు.

"ఆస్కాలె అవ్వ మంచితనం మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ తాళం అంటే తాళమే. సంఘం ఆస్తిని ధ్వంసం చేసినందుకు, వానలు వెలిసి కొండమీద పసుపు పూలు పూసేదాకా ఆమె డేరా హక్కును నిలిపివేస్తున్నాం. ఈ గడువులో ఆమె దయచేసి చనిపోకూడదని సంఘం వినయంగా విజ్ఞప్తి చేస్తోంది."

"సరేలే నాయనా" అంది అవ్వ. "నా ప్రయత్నం నేను చేస్తాను."

పెట్టెను మార్చాలని గానీ, డిక్కీలోని తీగ బయటికి తీయాలని గానీ ఎవరికీ తోచలేదు. నేను అన్నాను, వాన చప్పుడులో వినపడలేదు. అవ్వ ఆ రోజు తర్వాత పెనం వెలిగించలేదు. పిల్ల ఎప్పుడు దగ్గుతుందో ఎవరికి తెలుసు, నేను పెనం పెట్టి కూర్చుంటే ఎలా అంది. పిండి బానలు సర్దుకుని, ఊరికి పైన ఉన్న షిరోమేడా పేట దాటాక, కొండ అంచున ఎవరో చుట్టాల రేకుల గదిలోకి వెళ్లిపోయింది. అక్కడ కరెంటు గొడవే లేదు. మట్టి పెనం, నీలగిరి ఆకుల మంట. ఇప్పుడు మా ఆయన కరెంటు కారేసుకుని కొండదాకా వెళ్లి ఆమె పోసిన ఇంజెరాలు తెస్తాడు. అంత దూరం వెళ్లొచ్చినందుకు కారును మళ్లీ ఛార్జింగుకు పెట్టాలి.

పోయిన ఆదివారం గెజాహెన్ గారు మా ఆవరణను పొగలేని ఆవరణగా ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. పాప ఊపిరి బాగుంది, నేనూ కొట్టాను. ఇంజెరాలకు మాత్రం పొగ వాసన వస్తోంది. కిందటి సారి తెచ్చినవి చిన్నగా ఉన్నాయి, మధ్యలో చిరిగాయి. అవ్వ ఏమంది అని మా ఆయనను అడిగితే, ఏమీ అనలేదు, దగ్గుతోంది అన్నాడు. ఈ వారం ఆయన వెళ్లలేదు. సంఘానికి చావులు ఎక్కువగా ఉన్నాయి.

ఆ పొగలోకి నేను పాపను తీసుకుపోలేను, వదిలి వెళ్లలేను. మా వీధిలో ఎవరైనా పోతే గంటలో మూడు వందల మంది వస్తారు, బతికున్న మనిషి దగ్గరికి పంపడానికి నాకు ఒక్కరు దొరకడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా షిరోమేడా మీదుగా వెళ్తే కొంచెం పైకి ఎక్కండి. నీలగిరి చెట్లు మొదలయ్యే చోట రేకుల గది. పొగ వస్తోంది కదా, బాగానే ఉందిలే అని కింద నుంచే తిరిగి రాకండి. తలుపు తట్టండి, లోపలికి వెళ్లి చూడండి. పసుపు పూలు ఇంకా పూయలేదు.