కేకు వాసన టీ

మా ఆఫీసులో ప్రతి ఉద్యోగికీ సొంత అభిరుచి ఉండి తీరాలనే ఉత్తర్వు అమల్లోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అభిరుచి అంటే టీ విషయంలో. ఇందులో బలవంతమేమీ లేదు. పెద్దాఫీసరుగారు ఆమోదించిన నాలుగు టీలలో ఎవరు దేన్నైనా స్వేచ్ఛగా ఇష్టపడవచ్చు.

చాక్లెట్ కేకు టీ, కారమెల్ పుడ్డింగ్ టీ, స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్ టీ, వెన్న బిస్కట్ టీ. వీటిలో కేకు ఉండదు, పుడ్డింగ్ ఉండదు, పాలూ చక్కెరా అసలే ఉండవు. వాసన మాత్రం ఉంటుంది. మా జీతాల పెంపు కూడా చాలా కాలంగా ఇదే పద్ధతిలో జరుగుతోంది కనుక అలవాటు పడడం మాకు కష్టం కాలేదు. వీటిని సరఫరా చేసే ఆవిడ పెద్దాఫీసరుగారి మరదలు. ప్రతిభంతా ఒకే కుటుంబంలో పోగుపడితే ఎవరేం చేస్తారు?

శుక్రవారం భోజనాలయ్యాక రుచి సమావేశం. ఫైళ్లు కట్టిపెట్టి, వాసన బయటికి పోకుండా కిటికీలు మూసి, గాజు కప్పులు ముందు పెట్టుకుని కూర్చుంటాం. కౌంటర్ అవతల జనం నిలబడి ఉంటారు. వాళ్లకు అది అలవాటే. ముందు వాసన చూడాలి, కళ్లు మూసుకోవాలి, ఒక గుక్క నోట్లో ఆడించి మింగాలి, ఆ పైన మనసులో కలిగిన భావాన్ని సభకు చెప్పాలి. కలగకపోయినా చెప్పాలి.

ఈ విద్యలో తపాలా చూసే గుమాస్తాగారిని మించినవారు లేరు. కప్పు పెదవికి తగలకముందే "ఆహా!" అంటారు. అందుకే ఆయన్ని మేం ఆహాగారంటాం. ఒకసారి పుడ్డింగ్ టీ తాగి కళ్లనీళ్లు పెట్టుకుని, చిన్నతనం గుర్తొచ్చిందన్నారు. ఆయన చిన్నతనంలో పుడ్డింగ్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మేం మర్యాదస్తులం. నాలుక కాలిందేమోనని నా అనుమానం.

చిక్కంతా లెక్కలాయనతో వచ్చింది. మా హెడ్‌గుమాస్తాగారు త్వరలో రిటైరవుతున్నారు. ఆ కుర్చీ సీనియారిటీ ప్రకారం లెక్కలాయనదే. పని తెలిసిన మనిషి కూడా ఆయనే, కానీ అది అర్హతల్లోకి రాదు. ఆ శుక్రవారం పెద్దాఫీసరుగారు స్వయంగా ఆయన్ని పలకరించారు.

"ఏమయ్యా లెక్కలూ, ఎలా ఉంది మన చాక్లెట్ కేకు?"

"అత్తరు సీసా కడిగిన నీళ్లలా ఉందండి. నాకు మామూలు టీ చాలండి. కాస్త పాలు, కాస్త చక్కెర, బాగా మరిగితే చాలు."

పెద్దాఫీసరుగారు లేచి కోటు సర్దుకున్నారు.

"చూడండి, నేను ఎవరి అభిరుచికీ అడ్డురాను. కానీ నాలుకే ఎదగని మనిషి పదవిలో ఎదిగి ఏం చేస్తాడు? ఇవాళ నా టీ బాగాలేదంటాడు, రేపు నా సంతకం బాగాలేదంటాడు! ఈయన హెడ్‌గుమాస్తా కావచ్చో కూడదో నేను తేల్చను. సోమవారం మీరే చేతులెత్తి తేల్చండి. భయపడకండి, నేను ఎదురుగానే కూర్చుని చూస్తూ ఉంటాను."

ఆఫీసు వెనక సందులో మా ప్రహరీ గోడను ఆనుకుని ఒక టీ బండి ఉంది. పాలు పోసి, అల్లం దంచి మరిగించిన టీ. ఇంత కాలంగా మేమంతా తాగేది అదే, గోడవైపు తిరిగి, ఒకరినొకరు చూడకుండా. పెద్దాఫీసరుగారి డ్రైవరు వచ్చి ఫ్లాస్కు నింపించుకుపోవడం కూడా మేమెవరం చూడలేదు. ఆ సాయంత్రం మాత్రం అందరం లెక్కలాయన చుట్టూ మూగాం.

"ఎంత మాటన్నారండీ! మా కడుపులో మాట అనేశారు!" అన్నారు ఒకరు. ఆహాగారు ఆయన చేతిలో గ్లాసు పెట్టి, "మీరు కాకపోతే ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారండీ!" అన్నారు. లెక్కలాయన పొంగిపోయారు. ఇంటికి వెళ్లి భార్యకు ఆ మాటే చెప్పారట. ఆవిడ, "ఓ ఆహా అంటే మీ సొమ్మేం పోయింది?" అన్నారట. అంత మంది తన వెంట ఉండగా భయమెందుకని ఆయన ధీమా.

సోమవారం, ఆయన కూడదని చేతులు లేచాయి. ఆయనకు గ్లాసు అందించిన చెయ్యి అందరికన్నా ముందు లేచింది. నా చెయ్యి కూడా పైనే కనిపించింది. పక్కవాళ్ల చేతులు లేచిన గాలికి లేచి ఉంటుంది. లెక్కలాయన ఒక్కొక్క చేతినీ చూసి తల దించుకున్నారు. ఆ మొహం చూడలేక నేను కిటికీవైపు చూశాను. అది మూసే ఉంది.

హెడ్‌గుమాస్తా అయిన ఆహాగారు మొట్టమొదట చేసిన పని, ఉద్యోగుల అభిరుచికి భంగం కలిగిస్తున్న బండిని మా గోడ దగ్గర్నుంచి తీయించడం. దానికీ చేతులెత్తాం. ఎత్తడం వచ్చాక దించడమే కష్టం.

ఆ సాయంత్రం కాళ్లు అలవాటు కొద్దీ అందరినీ సందులోకి తెచ్చాయి. గోడ మీద పొగ మసి తప్ప అక్కడేమీ లేదు. మొదటిసారి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"అంతా ఆ లెక్కలాయన వల్లేనండీ," అన్నారు ఆహాగారు దిగులుగా. "ఆ రోజు నోరు మూసుకుని ఉంటే మన టీ మనకుండేది."

నిజమేనన్నాం. సందు మొదట్లోకి వచ్చిన లెక్కలాయన ఆ మాట విన్నారు. మాకేసి ఒక్క క్షణం చూసి వెనక్కి తిరిగారు.

మరుసటి శుక్రవారం ఆయన కప్పెత్తి, కళ్లు మూసుకుని, "ఆహా" అన్నారు. గొంతు కాస్త వణికింది. అభిరుచి ఏర్పడే దశలో అలాగే ఉంటుందని పెద్దాఫీసరుగారు వివరించారు. చప్పట్లు కొట్టాం.

ఇంతవరకూ చదివిన మీరు లెక్కలాయన పక్షమేనని నాకు తెలుసు. చాలా సంతోషం. సందులో మేమందరం ఆయన పక్షమే.