నూకరాజు గారి నాలుగో చావు

వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే నూకరాజు ముందుగదిలో మంచం వాల్చుకుని రోగిగా పడుకున్నాడు. కూతురు రజనీకుమారి రాయపూర్‌లో ఎంబీబీఎస్ పూర్తిచేసి, బ్రిటన్‌లో వైద్యం చేసే అనుమతి కోసం పరీక్షకు చదువుతోంది. రోగి పరిస్థితి చెప్పి, ముందుగా ఏం చేస్తావని అడుగుతారట. రజనికి జబ్బులన్నీ కంఠస్థమే. తేల్చి చెప్పడమే రాదు. అందుకని నూకరాజు ఓ నియమం పెట్టాడు. తాను వంద లెక్కపెట్టేలోగా ఆమె తేల్చకపోతే, రోగి పోయినట్టే.

"గుండెల్లో నొప్పమ్మా. ఎడం సెయ్యి లాగేస్తంది," అన్నాడు నూకరాజు.

"ఈసీజీ తీయాలి. ఎక్స్‌రే కూడా. రక్తపరీక్ష... ఏక్ మినిట్ రుకో నానా."

రోగి ఆగలేదు. తరవాత పాము కరిచి ఒకసారి, ఆయాసంతో ఒకసారి కూడా పోయాడు. రజనికి ఏడుపొచ్చింది.

"నా వల్లే అమ్మా. నేను ఆలస్యం చేయబట్టే నాన్న చనిపోయాడు."

వంటింట్లోంచి జోగమ్మ విసుక్కుంది. "పోతే పోనాడు గానీ, ముందు ఉప్మా తినీయే. సల్లారిపోతంది."

పెరటి గోడకు అవతల బట్టలు ఆరేస్తున్న పైడమ్మ చేతిలో చీర జారిపోయింది. ఆమె పరుగున వెళ్ళి భర్త సింహాద్రికి చెప్పింది. "నూకరాజు బావ సచ్చిపోనాడు. ఆ జోగమ్మకి ఉప్మా మీదుంది ద్యాస."

నూకరాజుతో కలిసి స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసే సింహాద్రి స్కూటరెక్కి, తాముండే మరోదా బస్తీ అంతా కబురు చేశాడు. ఫోర్‌మన్ భుజంగరావును వెనక కూర్చోబెట్టుకుని, దారిలో బంతిపూల దండ కొన్నాడు.

అప్పటికి నాలుగో కేసు నడుస్తోంది. రోగికి స్పృహ లేదు. ఉప్మా తిని వస్తానని రజని లోపలికి వెళ్ళింది. నూకరాజు దుప్పటి కప్పుకుని కదలకుండా ఉన్నాడు. ఎవరో వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చారు. రోగి బంధువులు అడ్డుపడితే ఏం చేయాలో నేర్చుకోవడానికి అమ్మాయే వీళ్ళను పిలిచిందనుకుని, పిల్ల తెలివికి మురిసిపోయాడు. మెడలో దండ పడ్డాక మాత్రం అనుమానం వచ్చి లేచి కూర్చున్నాడు.

"ఏటి సింహాద్రీ, ఇది కూడా పరీక్షలోదేనా?"

సింహాద్రి గోడకు అతుక్కుపోయాడు. భుజంగరావు గుమ్మంలోనే కూలబడ్డాడు.

శవం లేచి కూర్చోవడం చూసి దడుచుకున్నాడని కొందరు, గుండెపోటని కొందరు అన్నారు. పైడమ్మ చెప్పు వాసన చూపించమంది. ఎవరో అంబులెన్సుకు పరిగెత్తారు. రజని వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఒళ్ళంతా చల్లటి చెమట, వేళ్ళలో వణుకు, మాట ముద్దగా వస్తోంది.

"సింహాద్రి మామా, అంకుల్‌కి షుగరుందా?"

"ఉందమ్మా. మాత్రేసుకుని టిఫిన్‌కి కూకున్నారు. నానే లేపి తెచ్చీసినాను."

"అమ్మా, పంచదార నీళ్ళు. జల్దీ."

"షుగరున్నోడికి పంచదారేటే?" అంది జోగమ్మ.

"షుగరు పడిపోయింది. తెమ్మన్నానా."

ఆ గొంతు విని జోగమ్మ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. మింగగలుగుతున్నాడని చూసుకుని, రజని గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి భుజంగరావు కళ్ళల్లోకి వెలుగొచ్చింది.

నూకరాజు దండతోనే కూతురి పక్కకొచ్చాడు. "వందెక్కడ, ఇరవై కూడా అవలేదు. మరి నన్నెందుకు సంపీసినావే?"

"నువ్వైతే మళ్ళీ లేస్తావని తెలుసు నానా," అంది రజని. నూకరాజు ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

గ్లాసు ఖాళీ చేసిన భుజంగరావు మూతి తుడుచుకుని, నూకరాజును ఎగాదిగా చూశాడు.

"బతికే ఉన్నావు గదా. సెకండ్ షిఫ్టులో మనిషి తక్కువున్నాడు."

హెల్మెట్ ఉన్న మేకుకు దండ తగిలించి, హెల్మెట్ పెట్టుకుని నూకరాజు డ్యూటీకి బయల్దేరాడు.