పన్నెండో పిన్ని

ఆ శుక్రవారం పొద్దున ఉదయ్‌కిరణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళే దారిలో భార్యకు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం ఒక మనిషి భోజనానికి వస్తున్నారని చెప్పాలి. ఇందులో చెడిపోయేదేముందని ఎవరైనా అనుకుంటారు. అతనూ అలాగే అనుకున్నాడు.

రాబోయే మనిషి జాన్ పిన్నీ, లండన్ నుంచి దిగిన పై అధికారి. సింగపూర్‌లోని పాయా లేబర్‌లో ఉదయ్‌కిరణ్ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇద్దరు మేనేజర్లు ఎందుకు, ఒకరు చాలని పైవాళ్ళు తేల్చేశారు. ఆ ఒకరు ఎవరన్నది సోమవారం పిన్నీ చెప్తారు. రెండో మనిషి నెల తిరిగేలోగా సింగపూర్ వదలాలి. సెంగ్‌కాంగ్‌లో అద్దె ఫ్లాటు, ఏడేళ్ళ కూతురు మహతి బడి, భార్య కావ్యశ్రీ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన సంగీతం క్లాసులు, ఇవన్నీ ఆ సోమవారం మీద వేలాడుతున్నాయి. వారం రోజులుగా ఉదయ్‌కిరణ్‌కు అన్నం సయించడం లేదు.

జాన్లు లోకమంతా ఉన్నారు, పిన్నీలే అరుదు, అందుకని నన్ను ఇంటిపేరుతోనే పిలవండి అని ఆయన వచ్చిన రోజే ఆఫీసులో అందరికీ చెప్పారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి ముప్పై ఏళ్ళుగా పాత చర్చి రిజిస్టర్లు తిరగేస్తున్నారట. ఏదో ఊరి పేరని కొందరు, పెన్నీ నాణెం పేరని కొందరు చెప్పారట గాని ఏదీ ఆయన మనసుకు ఎక్కలేదు. అరవై ఏళ్ళ జీవితంలో తనతో కలిపి తాను ఎరిగిన పిన్నీలు మొత్తం పదకొండు మందని, అందులో నలుగురు తన ఇంట్లోవాళ్ళేనని, లెక్కంతా ఇందులో ఉందని ఒక నల్ల నోట్‌బుక్ కూడా చూపించారు. తెలుగువాడై ఉండి ఆ మాటలు వింటూ ఉదయ్‌కిరణ్ నవ్వలేదంటే, ఉద్యోగం భయం ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు.

ఇంట్లో ఇంతవరకూ ఆయన్ని "లండన్ బాస్" అనే అన్నాడు. ఆ పొద్దున మాత్రం నాలిక మీదికి పేరు వచ్చింది.

"కావ్యా, రేపు మధ్యాహ్నం పిన్నీ మనింటికి భోజనానికొస్తున్నారు."

అవతల కావ్యశ్రీ చేతిలోని అట్లకాడ స్టవ్ మీద పడింది.

"ఎవరూ?"

"పిన్నీ! పిలవకుండానే, తనంతట తనే వస్తానన్నారు. నాకే నమ్మబుద్ధి కావట్లేదు."

"ఒక్కరేనా?"

"ఒక్కరే. ఇంట్లో ఎవరూ లేరు పాపం. కారం తక్కువెయ్యి, షుగరుంది. మోకాళ్ళు బాగోవు, మంచి కుర్చీ చూడు. కావ్యా, మనం ఈ ఊళ్ళో ఉంటామో లేదో పిన్నీ నోటి మాట మీద ఉంది. జాగ్రత్త!"

రైల్లో జనం తోసుకొచ్చారు. ఫోన్ కట్ అయింది.

తెలుగులో మర్యాదకు ఒక ఇబ్బంది ఉంది. వస్తారు, తింటారు, అన్నారు అంటూ పోతే, ఆ మనిషి ఆడో మగో చివరిదాకా తెలియదు. ఇక పేరులో మిగిలింది ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం కావ్యశ్రీకి కొత్తేమీ కాదు. పిన్నిని ఎవరు పిలిచినా "పిన్నీ" అనే పిలుస్తారు.

ఉదయ్‌కిరణ్ పిన్ని హైమావతి, తల్లికి సొంత చెల్లెలు. చోవా చూ కాంగ్‌లో కొడుకు శశికాంత్ దగ్గర పదేళ్ళుగా ఉంటోంది. మూడేళ్ళ కిందట వీళ్ళు ఈ ఫ్లాటులో పాలు పొంగించినప్పుడు, ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవకుండా ఆవిడకు వాట్సాప్‌లో ఒక కార్డు పంపారు. అదీ నలభైమందికి పంపిన కార్డే. ఆవిడ రాలేదు. ఆ రోజు నుంచి మాట్లాడలేదు కూడా. సింగపూర్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు గంట ప్రయాణం. మూడేళ్ళయినా ఆ గంట ఎవరూ ప్రయాణం చేయలేదు.

అటువంటి పిన్ని తనంతట తనే వస్తోందా? కావ్యశ్రీ స్టవ్ కట్టేసింది. ఇంట్లో ఎవరూ లేరంటే శశికాంత్ వాళ్ళు ఊరెళ్ళారనుకుంది. మనం ఊళ్ళో ఉంటామో లేదో ఆవిడ నోటి మాట మీద ఉండటం మాత్రం ఆమెకు వింతగా తోచలేదు. ఆ నోటికి అంత శక్తి ఉందని ఆమె పెళ్ళయిన కొత్తలోనే ఒప్పుకుంది. వెంటనే కాకినాడలోని అత్తగారు సీతాదేవికి ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, పిన్నిగారు రేపు మా ఇంటికొస్తున్నారట!"

సీతాదేవికి ముందు నమ్మకం రాలేదు. తరువాత ఏడుపు వచ్చింది. ఆ తరువాత సలహాలు వచ్చాయి.

"మంచి చీర కొనవే. రవిక గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ అన్నీ పళ్ళెంలో సిద్ధంగా పెట్టు. తలుపు తియ్యగానే ముందు కాళ్ళకి దణ్ణం పెట్టెయ్. మొహంకేసి చూడకు. దాని చూపు చూశావంటే నీకు దణ్ణం కూడా గుర్తుండదు."

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. కాని చెల్లెలి మంచితనానికి కరిగిపోయిన అక్క ఊరుకోదు. ఆవిడ నేరుగా చోవా చూ కాంగ్‌కు ఫోన్ చేసింది.

"హైమా, నువ్వు బంగారానివే! రేపు ఉదయ్ ఇంటికి భోజనానికెళ్తున్నావటగా! నీకని చీర కూడా కొంటున్నారు."

హైమావతి నిర్ఘాంతపోయింది. తాను వెళ్తున్నట్టు తనకే తెలియదు. అయితే అవతల అక్క వెక్కి వెక్కి ఏడుస్తోంది. కాసేపు ఆలోచించి ఆవిడ ఒక నిర్ణయానికొచ్చింది. పిల్లలకు నేరుగా పిలవడానికి మొహం చెల్లక అక్క చేత చెప్పించారు. పోనీ, వెళ్ళి చూద్దాం, ఈసారైనా మర్యాద నేర్చుకున్నారేమో.

సాయంత్రం ఇంటికొచ్చిన ఉదయ్‌కిరణ్‌కు తన ఇల్లు తనకే గుర్తు తెలియలేదు. కర్టెన్లు మారాయి. సోఫా పక్కన మెత్త వేసిన కుర్చీ, దాని ముందు కాళ్ళు చాపుకోవడానికి పీట. అతని కళ్ళు చెమర్చాయి.

"ఇంత శ్రద్ధ తీసుకుంటావనుకోలేదు కావ్యా."

"మీరేం మాట్లాడకండి. అన్నీ అత్తయ్యగారు చెప్పినట్టే చేస్తున్నా."

లండన్ బాస్ సంగతి అమ్మకెలా తెలిసిందా అని అతనికి ఒక్క క్షణం అనిపించింది. కాని రేపు భోజనం తరువాత చూపించాల్సిన స్లైడ్లు ఇంకా పదిహేను మిగిలి ఉన్నాయి. ఆ క్షణం అలాగే పోయింది.

శనివారం పన్నెండున్నరకు అతను స్టేషన్‌కు వెళ్ళి పిన్నీని వెంటబెట్టుకొచ్చాడు. తలుపు మీద మహతి రంగు పెన్సిళ్ళతో రాసి అంటించిన కాగితం ఉంది. వెల్‌కమ్ పిన్ని అని ఇంగ్లీషు అక్షరాల్లో, చివర పిన్నీ రాసుకునే ఇ, వై లు కాక, ఒక్క ఐ తో. వరస ప్రకారం హైమావతి ఆ పిల్లకు చిన్న నానమ్మ అవుతుంది గాని, పొద్దుటి నుంచి ఇంట్లో వినిపిస్తున్న మాట అదొక్కటే.

పిన్నీ ఆ కాగితం ముందు కదలకుండా నిలబడిపోయారు.

"ఈ స్పెల్లింగు! ఈ స్పెల్లింగుతో పేరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను. ఎవరు రాశారు?"

"మా అమ్మాయి సార్. చిన్నపిల్ల, స్పెల్లింగ్ తప్పు రాసింది," అంటూ ఉదయ్‌కిరణ్ కంగారుగా బెల్ కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. పట్టుచీర కట్టుకున్న కావ్యశ్రీ, అత్తగారు చెప్పినట్టే తల ఎత్తకుండా వంగి, వచ్చినవారి పాదాలు పట్టుకుంది. చేతికి నల్లటి తోలు బూట్లు తగిలాయి. పదకొండో నంబరు ఉంటాయి. ఆమె మెల్లిగా తల ఎత్తింది. బూట్ల మీద ప్యాంటు, ప్యాంటు మీద కోటు, చాలా పైన ఒక ఎర్రటి మొహం. ఆమెకు కేక కూడా రాలేదు.

"అమ్మా! దిస్ పిన్ని ఈజ్ అంకుల్ లా!" అని మహతి సింగపూర్ యాసలో కేకేసి, ఆమె చేయాల్సిన పని చేసింది.

"కావ్యా, ఈయనే మా పిన్నీ," అన్నాడు ఉదయ్‌కిరణ్, భార్య భక్తి చూసి బిత్తరపోయి.

"పిన్నా?" అంది కావ్యశ్రీ నీరసంగా. చేతికి ఏం చేయాలో తోచక, పొద్దుటి నుంచి మనసులో వల్లెవేసుకున్న పని చేసేసింది. పిన్నీ నుదుట కుంకుమ పెట్టి, చీర, రవిక గుడ్డ, గాజులు, అరటిపళ్ళు ఉన్న పళ్ళెం ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మెత్త కుర్చీలో కూర్చుని, ఇది అతిథులందరికీ ఇస్తారా అని ఎంతో మర్యాదగా అడిగారు. అప్పటికే ఉదయ్‌కిరణ్ భార్యను వంటింట్లోకి లాక్కెళ్తున్నాడు.

వంటింట్లో అసలు సంగతి నిమిషంలో తేలింది. అంతలో బెల్ మోగింది.

"అత్తయ్యగారు ఫోన్ చేసేశారేమోనండీ," అంది కావ్యశ్రీ.

చేశారు. గుమ్మంలో హైమావతి నిలబడి ఉంది. ఆవిడ చూపు ముందు గుమ్మం మీది కాగితం మీద పడి కాస్త మెత్తబడింది. తరువాత హాల్లో కుర్చీ మీద, కుర్చీలోని దొరగారి బొట్టు మీద, చివరికి ఆయన ఒళ్ళోని చీర మీద పడి ఆగిపోయింది.

"నాకని కొన్న చీర ఈయన ఒళ్ళో ఎందుకుందిరా?"

"పిన్నీ..." అన్నాడు ఉదయ్‌కిరణ్.

"యెస్?" అన్నారు కుర్చీలోంచి.

"నిన్ను కాదు... అంటే మిమ్మల్ని కాదు సార్!"

"అయితే నన్ను పిలిచిందెవరు? నువ్వు మీ అమ్మ చేత చెప్పించలేదూ?"

అబద్ధం చెప్పడానికి టైమ్ లేదు. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు పిన్నిగారూ, మా బాస్ పేరు పిన్నీ, అక్కడే పొరపాటైంది అని కావ్యశ్రీ కళ్ళనీళ్ళతో చెప్పేసింది. మూడేళ్ళ కిందట పిలుపు సరిగా లేదని రాని మనిషి, ఈరోజు పిలుపే లేకుండా వచ్చింది. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"క్షమించండి," అంటూ పిన్నీ పళ్ళెంతో సహా లేచారు. "నా వల్ల ఏదో జరిగినట్టుంది. నా పేరు పిన్నీ."

హైమావతి ఆగింది. పదేళ్ళుగా మార్కెట్లో వాడుతున్న ఇంగ్లీషు ఆవిడకు అక్కరకొచ్చింది.

"నో నో. ఐ పిన్ని."

పిన్నీ చేతిలోంచి ఒక అరటిపండు జారి పడింది. ఆయన గబగబా జేబులోంచి నల్ల నోట్‌బుక్ తీశారు.

"మీరూనా! పన్నెండో మనిషి! మీది ఏ ఊరు? అక్కడ ఇంకా పిన్నీలున్నారా?"

"కాకినాడ. మెనీ మెనీ. ఎవ్రీ హౌస్ పిన్ని. సమ్ హౌస్ త్రీ, ఫోర్."

"నాకు ఐదుగురున్నారు," అంది మహతి ఇంగ్లీషులో, వేళ్ళు లెక్కపెడుతూ. "శ్రీలేఖ పిన్ని, అనన్య పిన్ని..."

ఆయన కుర్చీలో కూలబడిపోయారు. ఉదయ్‌కిరణ్‌కు ఉద్యోగం పోయిందని అప్పుడే ఖాయమైంది. పోయేదెలాగూ పోయింది కదా అని, అది ఇంటిపేరు కాదనీ, అమ్మ చెల్లెల్ని అలా పిలుస్తామనీ నిజం చెప్పేశాడు. పిన్నీ నోట్‌బుక్ మూసి, దాని మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఆ పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే," అన్నారు చివరికి. "మా ఇంట్లో నా తరువాత ఆ పేరుతో ఎవరూ లేరు. ఒక్క క్షణం, చాలామంది ఉన్నారని సంతోషించాను."

ఉదయ్‌కిరణ్ ఆ మాటలు తెలుగులో చెప్పాడు. హైమావతి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"చెప్పరా ఆయనకి. పిన్న అంటే చిన్న. అమ్మకంటే చిన్నది గనక పిన్ని. అమ్మ లేని ఇంట్లో అన్నం పెట్టేది పిన్నే. ఆ పేరున్న మనిషి ఒంటరి ఎలా అవుతాడు?"

తరువాత ఆవిడ కుంకుమ భరిణె అందుకుని, ఆయన నుదుట చెదిరిన బొట్టు సరిగ్గా దిద్దింది.

"వచ్చే శనివారం మా ఇంటికి భోజనానికి రావాలని చెప్పు. బొట్టు పెట్టి మరీ పిలుస్తున్నానని చెప్పు. పిలవడమంటే ఇలాగని నువ్వూ చూసుకో."

రైల్లో ఫోన్ దగ్గర్నుంచి జరిగినదంతా పిన్నీకి చెప్పుకుంటూ అందరూ భోంచేశారు. చీర హైమావతికి చేరింది, గాజులు పిన్నీ జేబులో వెళ్ళిపోయాయి. స్లైడ్లు ఎవరికీ గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున ఉదయ్‌కిరణ్ రాజీనామా మాటలు కూడా సిద్ధం చేసుకుని పిన్నీ గదిలోకి వెళ్ళాడు. ఆయన తల ఎత్తకుండానే, ఇక్కడ ఉండేది నువ్వే అన్నారు.

"ఎందుకు సార్?"

"నువ్వు రైల్లోంచి ఒక్క వాక్యం చెప్పావు. అది తప్పుగా విన్నా, ఒక్క రోజులో రెండు దేశాల్లో మనుషులు కదిలి, చీర కొని, వంట చేసి, టైముకు హాజరయ్యారు. ఈ కంపెనీలో నేను ముప్పై మెయిళ్ళు పెట్టినా, సరిగ్గా విన్నవాళ్ళు కూడా కదలరు."

బల్ల మీద నల్ల నోట్‌బుక్ తెరిచి ఉంది. పన్నెండో వరసలో హైమావతి, కాకినాడ అని రాసి, దాని కింద గీత గీసి, మిగతావారు లెక్కకు అందనంతమంది అని రాసుకున్నారు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. లండన్ వెళ్ళడం వాయిదా వేసుకున్న పిన్నీ ప్రతి శనివారం చోవా చూ కాంగ్‌లో భోంచేస్తున్నారు. ఉదయ్‌కిరణ్‌కు మాత్రం అక్కణ్ణుంచి ఇంతవరకూ పిలుపు రాలేదు.