గంజి వద్దన్న మామగారు

ఆ పొద్దున అల్లుడు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మామగారి లాండ్రీ కోసం మూడు పాత కంప్యూటర్లలో లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మూడింటినీ కలిపి ఒకే డేటాబేస్‌గా తయారు చేశాడు. వాటిని ఆన్ చేసి, పనిచేస్తున్నాయని చూసుకుని, ఇంటికెళ్ళి పడుకోవాలి. వారం నుంచి కంటి మీద కునుకు లేదు పాపం. ఒక కంప్యూటరు పెద్ద కొట్టులో అత్తగారి దగ్గర, రెండోది వెనక వీధి కొట్టులో మామగారి దగ్గర, మూడోది బట్టలు ఉతికే షెడ్డులో బావమరిది దగ్గర ఉన్నాయి.

"ఎక్కడ రాసినా మూడు చోట్లా కనిపిస్తుంది మామయ్యా. ఒకే ఆర్డరు మీద ఇద్దరు రెండు రకాలుగా రాస్తే, తర్వాత రాసినవాళ్ళదే ఖాయం."

మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అంటే మీ అత్తయ్య రాశాక నేను రాస్తే?"

"మీదే."

"ఆవిడ పెద్ద కొట్టులో ఉన్నా?"

"దీనికి పెద్ద కొట్టు, చిన్న కొట్టు ఉండవు మామయ్యా. మూడూ సమానమే."

"ఏదీ, ఇంకోసారి చెప్పు!" అన్నారాయన. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయన మాట నెగ్గింది లేదు. ఆనందం పట్టలేక వెంటనే షెడ్డుకి ఫోన్ చేసి, ఇకమీదట నోటిమాటలు చెల్లవనీ, తెర మీద ఏముంటే అదే చెయ్యాలనీ కొడుక్కి హుకుం జారీ చేసేశారు. చూడండి, కొంప ముంచింది అదే.

అల్లుడు అటు వెళ్ళాడో లేదో, నాటకాల కంపెనీ మేనేజరు మామగారికి ఫోన్ చేశాడు. సాయంత్రం ప్రదర్శనకి కావలసిన దుస్తులన్నీ వీళ్ళ దగ్గరే ఉన్నాయి. "అయ్యా, ఈసారి గంజి మాత్రం వద్దు. క్రితంసారి రాజుగారు సింహాసనం మీద కూర్చోలేక, నాటకమంతా నిలబడే పరిపాలించారు. మళ్ళీ అలా అయితే మేం వేరే లాండ్రీ చూసుకుంటాం."

"నా మాట నమ్మండి!" అని మామగారు తెర వైపు చూశారు. 'గంజి గట్టిగా' అని అత్తగారు అప్పుడే రాసి ఉన్నారు. ఈయన 'గంజి వద్దు' అని కొట్టారు. రెప్ప వేసి తీసేలోగా మళ్ళీ 'గంజి గట్టిగా'. ఇంకోసారి కొట్టారు. ఊహూఁ! అల్లుడికి ఫోన్ చేశారు.

నిద్రమత్తులో చెప్పులు వెతుక్కుని అల్లుడు వచ్చేసరికి అరగంట పట్టింది. ఎక్కడా ఏ తప్పూ కనిపించలేదు. మూడు కంప్యూటర్లూ కులాసాగా కబుర్లు చెప్పుకుంటున్నాయి. తనే 'గంజి వద్దు' అని కొట్టి చూశాడు. నిలిచింది!

అంతలోనే అత్తగారి ఫోన్. "నా ఆర్డరు కెలికిందెవరు? నాటకం బట్టలకి గంజి లేకపోతే ఎలా?" అంటూనే ఆవిడ మళ్ళీ రాసేశారు. మామగారు వెంటనే కొట్టారు. ఎగిరిపోయింది.

"భలేగా ఉందే!" అన్నాడు అల్లుడు. అతని నిద్రమత్తు వదిలిపోయింది. "నేను రాస్తే నిలిచింది, మీరు రాస్తే ఎందుకు పోతోంది?"

"భలేగానా? మీ అత్తయ్యకి నువ్వంటే అభిమానం, నేనంటే లోకువ. ఆ సంగతి దీనిక్కూడా తెలిసిపోయిందయ్యా!"

ఇంతలో షెడ్డు నుంచి బావమరిది మొర. "బావా, ఇది గంజి పెట్టమంటుంది, వద్దంటుంది, మళ్ళీ పెట్టమంటుంది. రాజుగారిని ముంచి కడిగి మళ్ళీ ముంచా. మంత్రి ఇంకా తొట్టిలోనే ఉన్నాడు."

"వద్దురా బాబూ, వద్దు!" అని మామగారు ఫోన్ లాక్కుని అరిచారు.

"నోటిమాట చెల్లదన్నారుగా నాన్నా. తెర మీద రాయండి."

అల్లుడు పెద్ద కొట్టుకి పరిగెత్తాడు. అక్కడ గోడ గడియారం, అత్తగారి చేతి వాచీ, కంప్యూటరు, మూడూ పావుగంట ముందున్నాయి.

"మీ మామయ్య టైముకి కదలరని అన్ని గడియారాలూ ముందుకి పెడతాను బాబూ," అన్నారావిడ. "ఇదొక్కటే వెనకపడి ఉంటే, మీరిచ్చిన పాస్‌వర్డ్ కొట్టి నేనే సరిచేశా."

అల్లుడు నెత్తి కొట్టుకున్నాడు. కంప్యూటర్లు తమంతట తామే టైము సరిచూసుకునే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ఆన్ చెయ్యడం మరిచిపోయాడు మహానుభావుడు! ఏది ముందో ఏది తర్వాతో డేటాబేస్‌కి గడియారమే చెప్పాలి. అత్తగారు ఏం రాసినా పావుగంట తర్వాత రాసినట్టు లెక్క. ఆ పావుగంటలో మామగారు ఎన్నిసార్లు రాసినా అది పాత మాటే. అల్లుడు అరగంట తర్వాత వచ్చి రాశాడు కనకే అతనిది నిలిచింది.

"అయ్యో, ఆయన మాట నావల్లే పోతోందా?" అని అత్తగారు నొచ్చుకున్నారు. "పాపం, ఇకనుంచి ఆయన ఇష్టమే కానివ్వండి."

టైము సరిచేసి, ఆ పావుగంటా గడిచేదాకా ఆగి, 'గంజి వద్దు' అని మామగారి చేతే కొట్టించాడు. నిలిచింది. సాయంత్రం రాజుగారు హాయిగా కూర్చుని పరిపాలించారని కబురొచ్చింది. మామగారు దాన్ని వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పారు.

మర్నాటి నుంచి అత్తగారు కాళ్ళు బార చాపుకుని, ఎవరేమడిగినా "ఆయన్నే అడగండి" అంటున్నారు. తెల్ల చొక్కాకి ఎర్ర రంగు అంటింది, ఆయన్నే అడిగారు. కోటు కురచైపోయింది, ఆయన మీదే అరిచారు. "అమ్మగారైతే ఇలా చెయ్యరండీ" అని మొహం మీదే అనేవాళ్ళు కొందరు. "మీరు రాసినట్టే చేశా నాన్నా" అని కొడుకు. ఆయనకి అన్నం సయించడం మానేసింది.

వారం తిరక్కుండా మామగారు అల్లుణ్ణి పిలిచి, కొట్టు తలుపు దగ్గరగా వేశారు. "బాబూ, నా కంప్యూటరు టైము పావుగంట వెనక్కి పెట్టు. నేనేం రాసినా సరే, మీ అత్తయ్య రాసిందే నిలబడాలి."

అల్లుడు అక్కడికక్కడే మార్చేశాడు. ఎవరూ ఎదురు చెప్పకుండా మామగారి మాట చెల్లడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.